ఈమూ, ఉష్ట్రపక్షి: పోలిక చూసి చుట్టాలనుకోకండి

మీరు ప్రశ్నలో చెప్పిన సంగతి ఇది. జంతు ప్రదర్శనశాలలో కంచె అవతల మోకాలెత్తు గడ్డిలో బూడిద కలిసిన గోధుమరంగు పెద్ద పక్షి ఒకటి నిలబడి ఉంది. పేరు పలక కనబడలేదు. మీతో వచ్చినవారిలో ఒకరు దాన్ని ఈమూ అన్నారు, ఇంకొకరు ఆడ ఉష్ట్రపక్షి అన్నారు. ఇంటికి వచ్చాక కూడా వాదన తేలలేదు. దానికి తోడు మరి మూడు సందేహాలు అడిగారు: అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి, ఒకే పక్షికి రెండు ఖండాల్లో రెండు పేర్లు వచ్చాయా, రెండింటినీ జత కలిపితే పిల్లలు పుడతాయా. పశువైద్యుడిగా ఈ రెండు పక్షులనూ చాలా ఏళ్ళు పట్టుకుని, తూకం వేసి, గాయాలకు కుట్లు వేసి, అప్పుడప్పుడు వాటి చేత తన్నులు కూడా తిన్నవాణ్ణి కాబట్టి కొంచెం విపులంగానే రాస్తాను.

ముందు మీ ఇంటి వాదన తేలుద్దాం. కాళ్ళు కనబడితే ఒక్క క్షణంలో తేలిపోయేది, కాని గడ్డి అడ్డం వచ్చింది కాబట్టి మెడ, తొడ, రెక్క చూడాలి. ఆడ ఉష్ట్రపక్షికి మెడ పొడవునా పలచటి నూగు తప్ప ఈకలు ఉండవు, దూరం నుంచి అది బోడి మెడగానే కనిపిస్తుంది; తొడలు కూడా పూర్తిగా బోడిగా, చర్మం కనిపిస్తూ ఉంటాయి; ఒంటికి రెండు పక్కలా పెద్ద రెక్కలు, వాటి అంచున వేలాడే మెత్తని ఈకలు స్పష్టంగా తెలుస్తాయి. ఈమూకు మెడ మీద కూడా జుట్టులాంటి నల్లటి ఈకలు ఉంటాయి, వాటి సందుల్లోంచి గొంతు దగ్గర నీలిరంగు చర్మం తొంగిచూస్తుంది. తొడలు ఈకలతో కప్పి ఉంటాయి. రెక్కలు ఎక్కడున్నాయో వెతికినా దొరకవు. అన్నిటికన్నా తేలిక గుర్తు వీపు. ఈమూ వీపు మీది ఈకలు వెన్నెముక వెంబడి పాపిట తీసినట్టు రెండుగా విడిపోయి, గడ్డివాము మీద పరిచిన కసవులా రెండు పక్కలకూ జారి ఉంటాయి. మీరు రాసిన వర్ణనలో "ఒళ్ళంతా వేలాడే గడ్డిలా ఉంది, మెడ కూడా చింపిరిగా ఉంది" అన్నారు. అది ఈమూ. ఈమూ అన్నవారే గెలిచారు.

ఎత్తును బట్టి చెప్పవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పక్కపక్కన నిలబడితే చెప్పవచ్చు. మగ ఉష్ట్రపక్షి రెండు మీటర్లు దాటి, కొన్నిసార్లు రెండుంముప్పావు మీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 100 నుంచి 150 కిలోల వరకు ఉంటుంది. ఈమూ ఒకటిన్నర నుంచి 1.9 మీటర్ల ఎత్తు, బరువు సాధారణంగా 30 నుంచి 45 కిలోలు, బాగా మేసినది 60 కిలోల దగ్గరికి రావచ్చు. బతికున్న పక్షుల్లో ఉష్ట్రపక్షే అన్నిటికన్నా పెద్దది. కాని ఒంటరిగా, దూరంగా నిలబడ్డ పక్షి ఎత్తును కంటితో అంచనా వేయడంలో నాలాంటివాళ్ళు కూడా పొరబడతారు. పైగా పూర్తిగా ఎదగని ఉష్ట్రపక్షి ఒక దశలో సరిగ్గా ఈమూ అంతే ఉంటుంది. అందుకే ఎత్తును నేను ఆధారంగా తీసుకోను.

రంగు విషయం ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే మీ వాదనకు మూలం అదే. ఉష్ట్రపక్షిలో మగది నల్లగా, రెక్కల చివర, తోక దగ్గర తెల్లటి ఈకలతో ఉంటుంది, ఆడది మట్టిరంగులో ఉంటుంది. చిత్రాల్లో అందరూ చూసేది మగదాన్నే కాబట్టి ఆడది ఎదురైతే ఈమూ అని భ్రమపడతారు. ఈమూలో ఆడ, మగ రెండూ ఒకే రంగు, రూపం చూసి లింగం చెప్పడం కష్టం. ఉష్ట్రపక్షిలో మగది పెద్దది, ఈమూలో ఆడదే కొంచెం పెద్దది.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. పాత తెలుగులో నిప్పుకోడి అన్నా, సంస్కృతం నుంచి వచ్చిన ఉష్ట్రపక్షి అన్నా ఒకటే, ఇప్పుడు మనం ఆస్ట్రిచ్ అంటున్న ఆఫ్రికా పక్షి. ఉష్ట్రం అంటే ఒంటె. గ్రీకులు కూడా దీన్ని ఒంటెతోనే పోల్చారు, 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ పెట్టిన శాస్త్రీయ నామం స్ట్రూతియో కమీలస్‌లో ఆ ఒంటె ఇప్పటికీ ఉంది. పొడవాటి మెడ, పొడవాటి కాళ్ళు, ఎడారి, రెండు వేళ్ళ పాదం చూస్తే ఆ పోలిక ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. ఈమూకు తెలుగులో పాత పేరంటూ లేదు. అది ఆస్ట్రేలియా పక్షి. 18వ శతాబ్దం చివరిదాకా బయటి ప్రపంచానికి దాదాపు తెలియదు. దాని శాస్త్రీయ నామం డ్రోమయస్ నోవహోలాండియే. న్యూ హాలండ్ అనేది అప్పట్లో ఐరోపావాళ్ళు ఆస్ట్రేలియాకు పెట్టుకున్న పేరు. కాబట్టి ఈమూను నిప్పుకోడి అనడం పొరపాటు.

ఇక పాదాల దగ్గరికి వస్తే, ఈ రెండు పక్షుల మధ్య తేడా అంతా అక్కడే రాసిపెట్టి ఉందని నా అభిప్రాయం. ఈమూ పాదానికి ముందువైపు మూడు వేళ్ళు, మూడింటికీ గట్టి గోళ్ళు, అడుగున మెత్తటి దిండులాంటి చర్మం ఉంటాయి, వెనకవేలు ఉండదు. బురద నేల మీద దాని అడుగుజాడ చాలా పెద్ద కోడి అడుగులా పడుతుంది. ఉష్ట్రపక్షికి ఉన్నవి రెండే వేళ్ళు, ప్రపంచంలో రెండే వేళ్ళున్న పక్షి ఇదొక్కటే. లోపలివైపు వేలు చాలా పెద్దది, దాని కొసన గోరు అనడం కన్నా గిట్ట అనదగిన మందపాటి గోరు ఉంటుంది. బయటివైపు వేలు చిన్నది, దానికి చాలాసార్లు గోరే ఉండదు, ఊతకర్రలాగా పక్కన ఆనుకుని ఉంటుంది. మత్తులో పడుకోబెట్టిన ఉష్ట్రపక్షి పాదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే అది పక్షి పాదమని నమ్మబుద్ధి కాదు, గుర్రం కాలిని తలపిస్తుంది. ఆ తలపుకు అర్థం ఉంది. వేగంగా పరుగెత్తే జంతువుకు కాలి కొసన బరువు ఎంత తగ్గితే అడుగు తిప్పడం అంత తేలిక; గుర్రం ఒక్క వేలి దాకా తగ్గించుకుంది, ఉష్ట్రపక్షి రెండు వేళ్ళ దగ్గర ఆగింది, ఈమూ మూడింటితో సర్దుకుంది. ఉష్ట్రపక్షి గంటకు 70 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది, ఈమూ 50 కిలోమీటర్ల దాకా వెళుతుంది.

కాలి గురించే ఇంకొక మాట. మనం చూసి మోకాలు అనుకునేది, వెనక్కి వంగినట్టు కనబడేది, నిజానికి చీలమండ. అసలు మోకాలు పైన ఈకల్లో, ఒంటికి ఆనుకుని ఉంటుంది. ఆ అసలు మోకాలిని ఎక్స్‌రే తీస్తే వింత బయటపడుతుంది. ఉష్ట్రపక్షికి ఒక్కో మోకాలికి రెండేసి చిప్పలు ఉంటాయి, ఈమూకు ఒక్క చిప్ప కూడా ఉండదు. మొదటిసారి ఈమూ మోకాలి ఎక్స్‌రే చూసిన రోజున, చిప్ప జారిపోయిందేమోనని రెండో కాలికి కూడా తీయించిన అనుభవం నాది. రెండో కాలిలోనూ లేకపోయేసరికి పుస్తకాలు తిరగేసి సిగ్గుపడ్డాను. మరోవైపు ఈమూ పిక్క కండరానికి మామూలుగా పక్షుల్లో ఉండే మూడు పాయలు కాక నాలుగు ఉంటాయి. రెండూ పరుగు పక్షులే, కాని ఒకే పనికి రెండు వేర్వేరు యంత్రాలు తయారయ్యాయి.

రెక్కల్లో తేడా ఇంతకన్నా ఎక్కువ. ఉష్ట్రపక్షి రెక్కలు చాస్తే ఈ చివరి నుంచి ఆ చివరికి రెండు మీటర్లు. అవి ఎగరడానికి పనికిరావు గాని వాటికి చేతినిండా పని ఉంది: పరుగులో మలుపు తిరిగేటప్పుడు నిలదొక్కుకోవడానికి, పెట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుని అటూ ఇటూ ఊపుతూ ఆడటానికి, ఎండలో పిల్లలకు నీడ పట్టడానికి, వేడిగా ఉంటే పైకెత్తి బోడి తొడలకు గాలి తగిలించుకోవడానికి, చలిలో ఆ తొడలనే కప్పుకోవడానికి. ఈమూ రెక్క జానెడు ఉంటుంది, దాని చివర ఒక చిన్న గోరు. ఈకలు తొలగించి వేళ్ళతో తడిమితే గాని తగలదు. ఈకను చేతిలోకి తీసుకుంటే ఇంకో తేడా. ఉష్ట్రపక్షి ఈకకు నడుమ ఒక కాడ, దానికి అటూ ఇటూ సమానంగా మెత్తటి పోగులు. ప్రాచీన ఈజిప్టులో సత్యానికి, న్యాయానికి దేవత అయిన మాత్ తలమీద పెట్టుకున్నది ఈ ఈకనే. ఈమూ ఈకకు ఒకే మొదలు నుంచి రెండు కాడలు, రెండూ దాదాపు ఒకే పొడవున పుట్టుకొస్తాయి. రాలిన ఈక ఒకటి దొరికితే చాలు, పక్షిని చూడకుండానే చెప్పేయవచ్చు. ఆ జంట ఈకల నల్లటి కొసలు ఎండ వేడిని పైపైనే ఆపేస్తాయి, లోపలి పొర దాన్ని చర్మం దాకా రానివ్వదు. అందుకే నడిమధ్యాహ్నం కూడా ఈమూ ఎండలో తిరగగలదు.

ఇప్పుడు మీ రెండో సందేహం: ఒకే పక్షికి రెండు పేర్లా? కాదు, పైగా అవి దగ్గరి చుట్టాలు కూడా కావు. ఎగిరే పక్షుల రొమ్ము ఎముకకు పడవ అడుగున ఉండే దూలంలాంటి ఎత్తైన అంచు ఉంటుంది, ఎగిరే కండరాలు దానికే అంటుకుంటాయి. ఉష్ట్రపక్షి, ఈమూ, కాసోవరీ, దక్షిణ అమెరికా రియా, న్యూజిలాండ్ కివీ అనే పక్షులకు ఆ అంచు లేదు, రొమ్ము ఎముక తెప్పలా చదునుగా ఉంటుంది. ఆ ఒక్క పోలికను పట్టుకుని చాలాకాలం వీటన్నిటినీ ఒకే కుటుంబంగా లెక్కవేశారు. ఎగరలేని ఒకే పూర్వీకుడి సంతతి, దక్షిణాది మహాఖండం ముక్కలై విడిపోయినప్పుడు ఒక్కో ముక్క మీద ఒక్కో పక్షిగా మిగిలిపోయిందనే కథ పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. చదవడానికి చక్కటి కథ. డీఎన్ఏ పరీక్షలు దాన్ని నిలబడనివ్వలేదు. వాటి ప్రకారం ఈ సమూహంలో అందరికన్నా ముందే విడిపోయి వేరు కాపురం పెట్టినది ఉష్ట్రపక్షి. మిగిలినవాటి మధ్యలో టినమూ అనే దక్షిణ అమెరికా పక్షి కూడా చేరుతుంది, అదేమో ఎగరగలదు. ఎగరగల పక్షి ఎగరలేనివాటి నడుమ పుట్టిందంటే, ఎగరడం మానేయడం ఒక్కసారి జరిగింది కాదు, వేర్వేరు చోట్ల, వేర్వేరు వంశాలు, ఎవరికివారుగా మానేశాయని అర్థం చేసుకోవడమే సబబు.

ఈమూకు అత్యంత దగ్గరి బంధువు తలమీద కిరీటంలాంటి బొడిపె ఉన్న కాసోవరీ. ఆ తరవాత దగ్గరివారు కోడంత ఉండే కివీ, ఇప్పుడు అంతరించిపోయిన మడగాస్కర్ ఏనుగుపక్షి. కివీకి ఏనుగుపక్షే అందరికన్నా దగ్గర బంధువని 2014లో పాత ఎముకల డీఎన్ఏ ద్వారా తెలిసింది. అంటే ఎదురుగా నిలబెడితే కవలల్లా కనబడే ఉష్ట్రపక్షి కన్నా, పొదలో దూరి పురుగులు ఏరుకునే పొట్టి కివీయే ఈమూకు దగ్గరి చుట్టం. బహిరంగ మైదానంలో గడ్డి, ఆకులు మేస్తూ, దూరం నుంచి శత్రువును చూసి పరుగెత్తి తప్పించుకునే బతుకు రెండు పక్షులకూ ఒకటే కావడం వల్ల పొడవు కాళ్ళు, పొడవు మెడ, పెద్ద ఒళ్ళు రెండు చోట్లా విడివిడిగా వచ్చాయి. ఉష్ట్రపక్షిలో కూడా ఒకే జాతి లేదు. సోమాలియా ప్రాంతంలోని నీలిమెడ పక్షిని ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు.

దీంతో మూడో సందేహానికి జవాబు దాదాపు వచ్చేసింది. వర్గీకరణలో ఇవి రెండూ వేర్వేరు గణాలు, అంటే జాతి, కుటుంబం కన్నా పెద్ద విభాగాలు. కోడి ఒక గణం, బాతు ఇంకొక గణం. ఈమూకూ ఉష్ట్రపక్షికీ ఉన్నది అలాంటి దూరం. వీటికి సంకరం పుట్టదు. జత కట్టించాలని ఒకే ఆవరణలో వదలడం కూడా తెలివైన పని కాదు, ఎందుకంటే వీటి కాపురాల పద్ధతులు తలకిందులుగా ఉంటాయి, ఒకదాని సైగ ఇంకొకదానికి అర్థం కాదు.

ఆ కాపురాల సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవలసిందే, నాకు ఈ రెండు పక్షుల్లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అది. ఉష్ట్రపక్షి పుంజు నేలలో లోతులేని గుంట ఒకటి గోకి సిద్ధం చేస్తుంది. దానికి ఒక పట్టపురాణి ఉంటుంది, ఆమె మొదట గుడ్లు పెడుతుంది. ఆ తరవాత చుట్టుపక్కల తిరిగే ఇంకొన్ని పెట్టలు వచ్చి అదే గుంటలో తమ గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కప్పుకుని పొదగడానికి వీలయ్యేవి ఇరవై దాకా గుడ్లే. మిగిలినవాటిని పట్టపురాణి ముక్కుతో దొర్లించి గుంట అంచుకు నెట్టేస్తుంది. కెన్యాలోని సావో ప్రాంతంలో 1970లలో బ్రయన్ బెర్ట్రమ్ అనే శాస్త్రజ్ఞుడు ఏ గుడ్డు ఎవరిదో గుర్తులు పెట్టి గమనిస్తే, ఆమె నెట్టేసేవి ఎప్పుడూ పరాయివే, తనవి మాత్రం మధ్యలోనే ఉంచుకుంటుందని తేలింది. మన కంటికి అన్నీ ఒకేలా కనిపించే దంతపురంగు గుడ్లలో తనవి ఏవో ఆమెకు తెలుసు. అంచున పడ్డవి నక్కలకో రాబందులకో ముందుగా దొరుకుతాయి, మధ్యలోవి మిగులుతాయి. పరాయి పెట్టలను గుడ్లు పెట్టనివ్వడం ఉదారంగా కనిపిస్తుంది గాని లెక్క ఆమెకే లాభం. పగలు మట్టిరంగు పెట్ట పొదుగుతుంది, రాత్రి నల్లటి పుంజు పొదుగుతుంది, ఏ వేళకు ఆ వేళ కంటికి ఆనకుండా. ఆరు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. ఒక్కోసారి రెండు మూడు కుటుంబాల పిల్లలు ఒకే జంట వెనక మందగా తిరుగుతాయి.

ఈమూలో పెట్ట మగదాన్ని వెతుక్కుంటూ వస్తుంది, అవసరమైతే మరో పెట్టతో పోట్లాడి గెలుచుకుంటుంది, రెండు మూడు రోజులకొక గుడ్డు చొప్పున పెడుతుంది, గూట్లో కొన్ని గుడ్లు చేరగానే మగది పొదుగుకు కూర్చుంటుంది. అక్కడితో పెట్ట పని అయిపోయింది. తరచుగా అది వేరే మగదాన్ని వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. ఎనిమిది వారాలపాటు మగది గూడు వదలదు. తిండి మానేస్తుంది, నీళ్ళు కూడా దాదాపు ముట్టదు, రోజుకు పదిసార్ల దాకా లేచి గుడ్లను తిప్పి మళ్ళీ కూర్చుంటుంది, అంతే. ముందుగా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదనే బతుకుతుంది. పొదుగు మొదలయ్యే ముందు తూచి, పిల్లలు బయటికొచ్చాక మళ్ళీ తూచిన ఒక పక్షిలో బరువు మూడోవంతుకు దగ్గరగా తగ్గిపోవడం నేను కాటా మీద చూశాను. మొదటిసారి చూసేవారు ఎవరైనా జబ్బు చేసిందనే అనుకుంటారు, గడ్డీ గింజలూ ముక్కు ముందు పెట్టి బతిమాలతారు. కొత్తగా పనిలో చేరిన ఒక సంరక్షకుడు అలాగే మూడు రోజులు ప్రయత్నించి, చివరికి చెయ్యి పొడిపించుకుని నా దగ్గరికి వచ్చాడు. పిల్లలు పుట్టాక అయిదారు నెలలు, కొన్నిసార్లు ఏడాది దాటి కూడా తండ్రే వాటిని వెంట తిప్పుతాడు, ఆ రోజుల్లో దగ్గరికి వచ్చిన సొంత పెట్టను కూడా తరిమేస్తాడు.

గుడ్లను పక్కపక్కన పెడితే ఎవరూ పొరబడరు. ఉష్ట్రపక్షి గుడ్డు 15 సెంటీమీటర్ల పొడవు, సుమారు 1.4 కిలోల బరువు, నిగనిగలాడే దంతపురంగు, పైన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. పెంకు రెండు మిల్లీమీటర్ల మందం. కలహారి ఎడారిలో సాన్ ప్రజలు దీన్ని నీటికుండగా వాడేవారు. దక్షిణాఫ్రికాలోని డీప్‌క్లూఫ్ గుహలో దొరికిన, గీతలు చెక్కిన ఇలాంటి పెంకులు సుమారు 60,000 ఏళ్ళ నాటివి. ఈమూ గుడ్డు ఉష్ట్రపక్షి గుడ్డులో సగం కన్నా తక్కువ బరువు, ముదురు ఆకుపచ్చ రంగు, గరుకు పైపొర. ఆ పైపొరను గీకితే కింద లేత నీలం కలిసిన ఆకుపచ్చ, ఇంకా గీకితే తెలుపు వస్తుంది. ఆస్ట్రేలియాలో ఈ మూడు రంగుల పొరలను వాడుకుని గుడ్ల మీద బొమ్మలు చెక్కుతారు. ఆ ముదురు రంగు మాకు మాత్రం తలనొప్పి. కోడిగుడ్డును దీపం ముందు పెట్టి లోపల పిల్ల పెరుగుతోందో లేదో చూసినట్టు ఈమూ గుడ్డును చూడలేము, వెలుగు దాటదు. చివరి వారంలో గుడ్డును నున్నటి బల్ల మీద పెట్టి, కదలకుండా ఆగాక, దగ్గరగా వంగి మెల్లగా ఈల వేయడం పాత పద్ధతి. లోపల పిల్ల బతికి ఉంటే గుడ్డు ఒక్కసారి ఒణుకుతుంది. ఎన్నిసార్లు చేసినా, ఆ ఒణుకు కోసం ఊపిరి బిగబట్టడం నాకు తప్పలేదు.

పిల్లలూ వేరే. ఈమూ పిల్లకు తల నుంచి తోక దాకా గోధుమ, మీగడ రంగుల నిలువు చారలు ఉడుతలా ఉంటాయి, మూడు నాలుగు నెలలకు పోతాయి. ఉష్ట్రపక్షి పిల్ల వీపు మీద ముళ్ళపందిలా నిక్కబొడుచుకున్న ఎండుగడ్డి రంగు నూగు, మెడ మీద నల్లటి మచ్చలు ఉంటాయి.

గొంతును బట్టి కూడా గుర్తుపట్టవచ్చు, ఈమూలో ఆడ మగ తేడా చెప్పడానికి మాకున్న సులువైన దారి అదే. ఆడ ఈమూ శ్వాసనాళం ముందువైపు ఒక చీలిక, దాని మీద గాలి నిండే సంచి ఉంటాయి. అది నింపినప్పుడు డోలు మీద అరచేత్తో కొట్టినట్టు ధం ధం అనే లోతైన శబ్దం వస్తుంది, అది రెండు కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. మగది గురగురమంటుంది, అంతే. ఉష్ట్రపక్షిలో ఇది కూడా తిరగబడింది: అక్కడ గొంతు మగదానిది, జతకట్టే కాలంలో నోరు మూసుకుని మెడను ఉబ్బించి చేసే ఆ ధ్వనిని రాత్రిపూట దూరం నుంచి వింటే సింహగర్జన అనుకుంటారు.

తిండి దగ్గర రెండూ ఆకులలములు తినేవే అని సాధారణంగా రాస్తారు గాని, కడుపు కోసి చూసినవారికి అవి రెండు వేర్వేరు వంటిళ్ళు. ఉష్ట్రపక్షి పెద్దపేగు చాలా పొడవు, ముతక గడ్డిలోని పీచును అక్కడ నిదానంగా పులియబెట్టి సారం లాగుతుంది. ఈమూకు ఆ భాగం పొట్టి. అది లేత చిగుళ్ళు, గింజలు, పళ్ళు, గొంగళిపురుగులు, మిడతలు ఏరుకుని తింటుంది, పీచు పులియడం చిన్నపేగు చివర్లో కొంత జరుగుతుంది. రెండూ అరుగుదల కోసం రాళ్ళు మింగుతాయి. ఆ అలవాటు వల్లనే మెరిసేది ఏది కనబడ్డా రెండూ మింగేస్తాయి. నేను కడుపు కోసి తీసిన వస్తువుల్లో మేకులు, తాళంచెవులు, ఒక కళ్ళద్దాల కాడ ఉన్నాయి. ఉష్ట్రపక్షి మూత్రాన్ని, పేడను విడివిడిగా వదులుతుంది, పక్షుల్లో అది అరుదు.

పట్టుకోవడంలో తేడా తెలియకపోతే దెబ్బలు తప్పవు. ఉష్ట్రపక్షి తలకు చీకటి గుడ్డ సంచి తొడిగితే క్షణాల్లో శాంతిస్తుంది, నడిపించుకుని వెళ్ళవచ్చు. దాని కంటి గుడ్డు 5 సెంటీమీటర్లు, నేల మీది జంతువులన్నిటిలోకీ పెద్దది. చూపే దాని ప్రపంచం కాబట్టి చూపు ఆగితే భయం కూడా ఆగుతుంది కాబోలు. అదే ఉపాయం ఈమూ మీద వేస్తే, నా అనుభవంలో, అది ఇంకా గింజుకుంటుంది. ఈమూను వెనక నుంచి సమీపించి, రెండు చేతులతో రొమ్మును చుట్టి ఒంటికి అదుముకుని నిలబెట్టాలి. రెండూ ముందుకే తన్నుతాయి. ఉష్ట్రపక్షి తన్ను సింహాన్ని కూడా చంపగలదు, మనిషి ఎముక ఒక లెక్క కాదు. జతకట్టే కాలంలో ముక్కు, కాళ్ళ ముందుభాగం ఎర్రబడిన మగదానికి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. ఈమూ తన్నితే గోరు చీరుతుంది, గాయం కత్తితో కోసినట్టు పొడుగ్గా ఉంటుంది. స్వభావంలో ఈమూకు కుతూహలం ఎక్కువ, కొత్త మనిషిని చూస్తే దగ్గరికి వచ్చి చొక్కా గుండీ పొడిచి చూస్తుంది. తల ఇసుకలో దూర్చుకోవడం రెండూ చేయవు. ఉష్ట్రపక్షి ప్రమాదం పసిగట్టినప్పుడు గూటి మీద మెడను నేలకు ఆనించి పడుకోవడాన్ని దూరం నుంచి చూసినవారి కల్పన అది.

మనుషులతో వీటి చరిత్రలూ వేరుగానే నడిచాయి. ఉష్ట్రపక్షిని ఈకల కోసం దక్షిణాఫ్రికాలో 1860ల నుంచి పెంచారు. ఔట్స్‌హోర్న్ పట్టణం ఆ డబ్బుతో మేడలు కట్టింది, 1914లో టోపీలకు ఈకలు పెట్టుకునే మోజు పోవడంతో ఆ వ్యాపారం కూలిపోయింది. అరేబియా ఎడారిలోని ఉష్ట్రపక్షి 20వ శతాబ్దం మధ్యలో వేటకు బలై అంతరించింది. ఈమూ సంగతి చూస్తే, 1932లో పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ చేల మీద పడ్డ ఈమూల మీదికి మెషిన్ గన్లతో సైనికులను పంపారు, మంద మంద చెల్లాచెదరుగా పరుగెత్తడంతో వేల తూటాలు వృథా అయ్యాయి, చివరికి సైనికులు వెనక్కి వెళ్ళిపోయారు. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఇప్పటికీ ఈమూలు లక్షల్లో ఉన్నాయి.

మళ్ళీ ఆ ప్రదర్శనశాలకు వెళితే, ఒక పని చేయండి. కంచె పక్కన నీళ్ళ తొట్టి దగ్గర తడి మట్టి ఉంటుంది, పక్షి తాగి వెళ్ళేదాకా ఆగి అడుగుజాడ చూడండి. మూడు వేళ్ళు పడి ఉంటే నేను చెప్పింది సరే. రెండే పడి ఉంటే ఆడ ఉష్ట్రపక్షి అన్నవారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.